మేనమామ స్కూటర్ గురించి నాలుగు వాక్యాలు

చిట్యాలలో ఎరువుల దుకాణం పైన ఒక పఠన మందిరం ఉంది. రిటైరైన పంతుళ్లు కొందరు కలిసి పెట్టుకున్నది. మూడు గదులు, తొమ్మిది బీరువాలు, కిటికీ తెరిస్తే హైవే మీద లారీల చప్పుడు. అందులో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే పని నిరోషది. ఆమె పుట్టింది కేతేపల్లిలో. నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ బీరువాలో ఉన్న పుస్తకాలన్నీ ఎడమ నుంచి కుడికి వరసపెట్టి చదివిందని, వంటల పుస్తకాన్ని కూడా వదల్లేదని స్నేహితురాళ్లు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. పెళ్లయి చిట్యాల వచ్చాక, భర్త ప్రవీణ్ మోటార్ వైండింగ్ షాపులో కూర్చొని, రాగి తీగల మధ్య కూడా చదివింది. పఠన మందిరం పెద్ద కమలాకర్ సార్ ఒకసారి మోటారు బాగు చేయించుకుందామని వచ్చి, ఆమె చేతిలో నవల చూసి, అక్కడికక్కడే ఈ పని అడిగాడు.

లాక్‌డౌన్ అయిపోయి మందిరం మళ్లీ తెరిచినప్పుడు పుస్తకాల మీద దుమ్ము తప్ప మనిషి చెయ్యి పడలేదు. వచ్చేవాళ్లంతా పోటీ పరీక్షల పిల్లలే. సొంత గైడ్లు సంచిలో తెచ్చుకొని, ఫ్యాను కింద చోటు చూసుకొని, సాయంత్రానికి లేచి పోయేవారు. బీరువాల వైపు తల తిప్పేవారు కాదు. అది చూసి చూసి నిరోష ఒక సోమవారం మెట్ల దగ్గరున్న తెల్లబోర్డు తుడిచి, పైన ‘ఈ వారం చదివినవి’ అని రాసింది. కింద మూడు పుస్తకాల పేర్లు, ఒక్కోదానికి నాలుగు వాక్యాలు.

మొదటి వారం రాసినవాటిలో ఒకటి ఇట్లా ఉంది: ‘బోరు లారీ వెంట తిరిగిన పదకొండేళ్లు. రాసింది ఒక డ్రిల్లర్. నీళ్లు పడని ఊళ్లో రైతు భార్య అన్నం పెట్టి పంపిన పేజీ చదివి కాసేపు పుస్తకం మూసేశాను. మధ్యలో యంత్రాల వర్ణన ఎక్కువైంది, అది దాటేసినా పరవాలేదు.’ ఇంకో నవల గురించి, ‘పాత్రలు ఎక్కువ, మనుషులు తక్కువ’ అని రాసి, ఇంకా మూడు వాక్యాలు అవసరం లేదని ఖాళీ వదిలింది.

పిల్లలు ఫోన్లో ఫొటోలు తీసుకున్నారు. కమలాకర్ సార్ ఆ ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నకిరేకల్ నుంచి, మేళ్లచెరువు నుంచి కూడా జనం గ్రూపులో చేరారు. సోమవారం పదకొండు దాటి బోర్డు ఖాళీగా ఉంటే ‘ఇంకా రాయలేదా అమ్మా’ అని అడిగేవారు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన, ‘మీరు రాసింది చదివితే పుస్తకం తిని చూసినట్టుంటది’ అని మెసేజ్ పెడితే, ఆ మాటను ఆమె ప్రవీణ్‌కు రెండుసార్లు చదివి వినిపించింది.

గుర్వయ్య ఆ బోర్డు చూసే పైకి వచ్చాడు. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. పల్చగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. మొదటిరోజు బోర్డంతా చదివి, లోపలికి వచ్చి, చెప్పులు ఎక్కడ విడవాలని అడిగాడు.

“ఇంట్ల సదివి ఇనిపియ్యనీకి ఏమన్న కావాలె బిడ్డా. మా ముసలామెకు సదువు రాదు. మాట కూడ బందు వెట్టింది. మనిషి సప్పుడు చెవుల వడాలె గద అని.”

రెండేళ్ల కింద వాళ్ల ఒక్కగానొక్క కూతురు మమత హైవే దాటుతుంటే లారీ కొట్టి చనిపోయింది. ప్రైవేటు దవాఖానలో నర్సు. డ్యూటీ దిగి స్కూటీ మీద ఇంటికి వస్తోంది. ఈ సంగతి చిట్యాలలో అందరికీ తెలుసు. నిరోషకూ తెలుసు. గుర్వయ్య మాత్రం ఆ పేరు ఎత్తలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక భార్య నర్సింగమ్మ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంటుందట, ఆ గంటసేపు పక్కన కూర్చొని చదువుతానన్నాడు.

అట్లా వారానికొక పుస్తకం. నిరోష ఆయన కోసం ప్రత్యేకంగా వెతికేది. బోరు లారీ పుస్తకం నర్సింగమ్మకు నచ్చిందని, ‘ఆ రైతు పెండ్లాం కూర ఏమొండింది’ అని అడిగిందని, మూడు నెలల్లో ఆమె తనంతట తాను అడిగిన మొదటి మాట అదేనని గుర్వయ్య వచ్చి చెప్పాడు. అప్పటి నుంచి నిరోష ఆయనను కాకా అని పిలవడం మొదలుపెట్టింది. ఒక పశువుల డాక్టరు రాసుకున్న అనుభవాలు ఇస్తే, ఎద్దుకు ఇంజక్షన్ ఇచ్చే భాగం దగ్గర ముసలామె నవ్వింది కూడా.

ఇక తప్పు ఎక్కడ మొదలైందో నిరోషకు తర్వాత ఎంత ఆలోచించినా ఒకచోట వేలు పెట్టి చూపడం కుదరలేదు. రెండు వేల ఇరవై మూడు ఎండాకాలంలో పరీక్షల తేదీలు దగ్గరపడ్డాయి. పొద్దున ఎనిమిదింటికే మెట్ల మీద పిల్లలు లైను కట్టేవారు. కుర్చీలు చాలక తగాదాలు. ఇంటి దగ్గర కూతురు నిహారికకు ఆటలమ్మ పోసింది. ఆ వారం ఆమె మెట్లబావుల చరిత్ర ఒకటి సగం చదివి, మిగతా మూడు అధ్యాయాలు తిరగేసి రాసింది. ఎవరూ పట్టుకోలేదు. పైగా ఆ నాలుగు వాక్యాలకే గ్రూపులో అందరికంటే ఎక్కువ మెచ్చుకోళ్లు వచ్చాయి. పూర్తిగా చదివిన పుస్తకం గురించి రాయాలంటే ఒక్కో వాక్యానికీ ఆగాల్సి వచ్చేది. చదవనిదాని గురించి కలం జారిపోయినట్టు సాగిపోయేది. తర్వాతి వారం ఇంకొకటి అట్లాగే రాసింది. ఆ తర్వాత ఇంకొకటి.

‘మేనమామ స్కూటర్’ అనే నవల ఎవరో దానంగా ఇచ్చిన పెట్టెలో వచ్చింది. అట్ట మీద ఒకే స్కూటర్ ఎక్కిన ఐదుగురు మనుషులు, ఒక కోడి. వెనక అట్ట మీద ‘పొట్ట చెక్కలయ్యేలా నవ్వించే కుటుంబ కథ’ అని ఉంది. నిరోష ఆదివారం నిహారిక పక్కన కూర్చొని ఇరవై ఎనిమిది పేజీలు చదివింది. నిజంగానే నవ్వొచ్చింది. మేనమామ స్కూటరుకు బ్రేకుల బదులు చెప్పుల మీద నమ్మకం పెట్టుకునే చోట గట్టిగా నవ్వితే పిల్ల నిద్ర లేచింది. ఇంక నూట ముప్పై పేజీలు మిగిలాయి. సోమవారం బోర్డు మీద ఇట్లా రాసింది:

‘చాలా రోజుల తర్వాత కడుపుబ్బా నవ్వించిన నవల. కూర్చున్నచోటి నుంచి లేవకుండా పూర్తి చేశాను. ఎక్కడా ఒక్క కన్నీటి చుక్క లేదు. మనసు బరువుగా ఉన్నవాళ్లు ముందు ఈ పుస్తకం తీసుకోండి.’

గుర్వయ్య ఆ మధ్యాహ్నమే వచ్చాడు. బోర్డు ముందు నిలబడి, కళ్లజోడు పైకి జరుపుకొని, నాలుగు వాక్యాలూ పెదవులు కదుపుతూ చదివాడు.

“ఇది మొత్తం సదివినవా బిడ్డా?”

ఆయన అనుమానించి అడగలేదు. కొత్త దారిలో బస్సు తీసుకుపోయే ముందు ఆ దారిలో పోయివచ్చినవాణ్ణి అడిగినట్టు అడిగాడు. అప్పుడు ఆమె చేతిలో ముప్పై మంది పిల్లల సంతకాల రిజిస్టరు ఉంది. ఎవరో ఫ్యాను తిరగడం లేదని పిలుస్తున్నారు.

“చదివిన కాకా. ఫికర్ లేదు, తీస్కపో” అంది.

ఆ తర్వాతి సోమవారం గుర్వయ్య రాలేదు. ఎండలు కదా అనుకుంది. రెండో సోమవారమూ రాలేదు. మూడో వారం గురువారం వచ్చాడు. చొక్కా ఇస్త్రీ లేదు. పుస్తకం బల్ల మీద పెట్టి, రిజిస్టరులో సంతకం చేశాడు. బీరువాల వైపు పోలేదు.

“ఎట్లున్నది కాకా?”

“బాగనే ఉన్నది బిడ్డా. రాసినాయన మంచిగనే రాసిండు.” కొంచెం ఆగి అన్నాడు. “మా ఇంట్ల సదువుడు బందయింది. ఇగ నేను రాకపోవచ్చు.”

“ఎందుకు?”

“ఏం లేదు. ఆమెకు మనసుల లేదు.”

మెట్లు దిగి వెళ్లిపోయాడు. పుస్తకంలో నూట పన్నెండో పేజీ దగ్గర పాత బస్సు టికెట్టు ఒకటి పెట్టి ఉంది. నిరోష ఆ పేజీ తెరిచి నిలబడే చదివింది. అప్పటిదాకా అందరినీ నవ్వించిన చిన్న మేనకోడలు, మేనమామ స్కూటరు వెనక కూర్చొని కాలేజీ నుంచి వస్తూ, రోడ్డు దాటేచోట లారీ కింద పడుతుంది. రచయిత ఆ సంగతి నవ్వు మధ్యలోంచే తెచ్చాడు. కోడి గురించి ఒక హాస్యం, దాని వెనక వాక్యంలో లారీ. ముందు ఏ హెచ్చరికా లేదు. స్కూటరు చక్రం ఇంకా తిరుగుతూనే ఉందని, పిల్ల చెప్పు ఒకటి రోడ్డుకు అవతల పడిందని రాశాడు.

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. ఎవరో పెన్ను అడిగితే ఇచ్చింది. ఎవరో టాయిలెట్ తాళం అడిగితే అదీ ఇచ్చింది. గుర్వయ్య గొంతు చింతపండు వాసన వచ్చే వాళ్ల వసారాలో ఈ వాక్యాలు పైకి చదవడం చెవుల్లో వినబడుతూనే ఉంది. లేచి బోర్డు దగ్గరికి పోయింది. ఆ వారంది తుడిచి చాలా రోజులైంది, అక్కడ వేరే పుస్తకాలున్నాయి. అయినా కాసేపు తడిగుడ్డతో తుడుస్తూ నిలబడింది.

ఆ ఆదివారం ఇంట్లో పని పక్కనపెట్టి నవల మొదటి నుంచి చివరిదాకా చదివింది. సాయంత్రం ప్రవీణ్ షాపు నుంచి వచ్చి, ఏమైందని అడిగితే చెప్పింది.

“పుస్తకంల ఎవలో సస్తే నువ్వేం జేస్తవు?” అన్నాడు ప్రవీణ్. అతను మెత్తని మనిషి, ఆమె ఏడిస్తే చూడలేడు. “రాసినోడు రాసిండు. ఆయన సదివిండు. నడుమ నీదేమున్నది?”

“ఆయన నన్ను అడిగిండు. మొత్తం చదివినవా అని అడిగిండు. చదివిన అని చెప్పిన.”

ప్రవీణ్ లేచాడు. చేతులు కడుక్కోవడానికి పోయి, ఎప్పటికంటే ఎక్కువసేపు కడుక్కున్నాడు.

మర్నాడు ఆమె గుర్వయ్య ఇంటికి పోయింది. చెప్పేద్దామనే పోయింది. రైలుకట్టకు ఇవతల రెండు గదుల ఇల్లు. లోపల టీవీ పెద్దగా మోగుతోంది. గుర్వయ్య వసారాలో కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, నిహారిక ఎట్లున్నదని అడిగాడు. నర్సింగమ్మ గడప లోపల కూర్చొని ఉంది. ఒకసారి చూసి మళ్లీ టీవీ వైపు తిరిగింది. నిరోష ఎండల గురించి మాట్లాడింది, పరీక్షల పిల్లల గురించి మాట్లాడింది. గోడ మీద నర్సు డ్రెస్సులో ఉన్న మమత ఫొటో వైపు చూడకుండా ఉండటానికి మెడ నొప్పి పుట్టేదాకా ఒకవైపే కూర్చుంది. వచ్చేటప్పుడు గుర్వయ్య చేతుల నిండా మునక్కాయలు తెచ్చి ఆమె సంచిలో వేశాడు. “బిడ్డకు పులుసు జేసి పెట్టు” అన్నాడు. ఆమె వాటిని ఇంటికి తెచ్చి వండలేదు. పారేయడానికి చేతులు రాలేదు. పొయ్యి పక్కనే ఎండిపోయాయి.

వారం తర్వాత నరసింహ అనే కుర్రవాడు, గ్రూప్ ఫోర్ పరీక్షకు చదువుకునేవాడు, బల్ల దగ్గరికి వచ్చి ఫోను చూపించాడు. పాత బోర్డు ఫొటో.

“అక్కా, గీ నవ్వుల పుస్తకం ఉన్నదా? మా అమ్మకు ఆపరేషనైంది. ఊకె ఏడుస్తాంది. మనసు బరువుగ ఉన్నోళ్లు చదవాలన్నవు గద.”

బోర్డు తుడిచినా మాట తుడుచుకుపోలేదని నిరోషకు అప్పుడు తెలిసింది. ఆ ఫొటో ఎన్ని ఫోన్లలో ఉందో. “అది వద్దు తమ్మీ” అని, పశువుల డాక్టరు పుస్తకం ఇచ్చి పంపింది. ఆ తర్వాత బోర్డు మీద రాసినవి ఎక్కించుకునే పాత రిజిస్టరు తీసి రెండు నెలల్లో రాసినవన్నీ చూసుకుంది. ఇరవై నాలుగు పుస్తకాల్లో ఐదు పూర్తిగా చదవనివి.

సోమవారం బోర్డు మీద కొత్త పుస్తకాలేవీ రాయలేదు. ఆ ఐదింటి పేర్లు రాసి, ఒక్కోదాని పక్కన ఎన్ని పేజీలు చదివి రాసిందో రాసింది. చివర: ‘మేనమామ స్కూటర్ – ఇరవై ఎనిమిది పేజీలు చదివి రాశాను. మొత్తం చదివినట్టు చెప్పాను. అది నవ్వించే పుస్తకం మాత్రమే కాదు. అందులో ఒక ఆడపిల్ల రోడ్డు మీద చనిపోతుంది. ముందే చెప్పాల్సింది నేను, చెప్పలేదు.’

కమలాకర్ సార్ వచ్చి చూసి, బోర్డును గోడ వైపు తిప్పేశాడు.

“ఏందమ్మా ఇది? అందరు గట్లనే రాస్తరు. పెద్ద పెద్ద పేపర్లల్ల అట్ట చూసి రాసేటోళ్లున్నరు. నువ్వు గిట్ల రాస్తే ఇప్పటిదాంక రాసినవన్ని అబద్ధమే అనుకుంటరు.”

“అనుకోనియ్యి సార్.”

“నీ ఒక్కదాని పేరు గాదు, మందిరం పేరు పోతది.”

నిరోష బోర్డును మళ్లీ ఇటు తిప్పింది. ఆయన కాసేపు కోపంగా నిలబడి, పేపరు తీసుకొని కూర్చున్నాడు. ఈలోపే పిల్లలు ఫొటో తీశారు. మధ్యాహ్నానికి గ్రూపులో ఉంది. కొందరు చప్పట్ల బొమ్మలు పెట్టారు. కొందరు నవ్వే బొమ్మలు పెట్టారు. సిమెంటు ఫ్యాక్టరీ ఆయన ఏమీ పెట్టలేదు. నరసింహ మెట్ల మీద ఎదురై, “మిగిలినవన్న నిజమేనా అక్కా” అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకుందామనే.

ఆ సాయంత్రం ఆమె గుర్వయ్య ఇంటికి పోయేసరికి ఆయన వసారాలో ఫోను ఒళ్లో పెట్టుకొని ఉన్నాడు. టీవీ మోగడం లేదు. కుర్చీ వేయలేదు.

“సూసిన” అన్నాడు.

“కాకా, నేను…”

“మొన్న వచ్చినవు. గంట కూసున్నవు. ఎండల ముచ్చట జెప్పినవు.” ఆయన గొంతు పెంచలేదు. “బోర్డుకు చెప్పినవు బిడ్డా. నాకు చెప్పకపోతివి.”

బోర్డు మీద రాసేటప్పుడు, ఇంత మంది ముందు ఒప్పుకుంటున్నానని లోపల ఒక మూల కొంచెం ఊరట కలిగింది. ఆ ఊరట తనది కాదని, ఇంకొకరి చెవికి ముందు చేరాల్సిన మాట తీసుకుపోయి ఊరికి పంచిందని నిరోషకు అక్కడ నిలబడి అర్థమైంది. వసారా మెట్టు మీదే కూర్చుంది.

“తప్పయింది కాకా.”

గుర్వయ్య రోడ్డు వైపు తిరిగాడు. తనలో తాను చెప్పుకున్నట్టు మాట్లాడాడు.

“నాది గూడ ఉన్నది. నాలుగు లైన్ల ముంగటనే నాకు కనవడ్డది. లారీ అన్న మాట కనవడ్డది. ముప్పై ఏండ్లు స్టీరింగ్ పట్టిన. ముంగట గుంత కనవడితే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోవాలె. నోరు ఆగలే. సదువుకుంటనే పోయిన. ఆమె నవ్వుకుంట ఇంటున్నది అప్పటిదాంక. కోడి ముచ్చటకు నవ్వింది. ఆ నవ్వు మొఖం మీద ఉండంగనే సదివిన.” ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “చింతపండు చాట పక్కకు వెట్టి లేసిపోయింది. ఇగ నేను పుస్తకం పడితే టీవీ పెడ్తది.”

లోపలి నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. నర్సింగమ్మ గడప మీదికి వచ్చి నిలబడింది. పొట్టి మనిషి, జుట్టంతా తెల్లబడింది. నిరోష లేచి నిలబడింది.

“చిన్నమ్మా…”

“ఆ పిల్ల సచ్చినంక తల్లి ఏం జేసింది?” అని అడిగింది నర్సింగమ్మ.

నిరోషకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, పుస్తకం గురించి. గుర్వయ్య భార్య వైపు చూసి, మళ్లీ కళ్లు దించుకున్నాడు.

ఇప్పుడు నిరోషకు జవాబు తెలుసు. కానీ ఆ జవాబు చెప్పడం కూడా కష్టమే. మెత్తగా చేసి చెప్పొచ్చు. తల్లి చాలా బాధపడింది, మెల్లగా కోలుకుంది అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

“ఏం జెయ్యదు చిన్నమ్మా. రెండు పేజీలు ఏడుస్తది. దాని తర్వాత ఆమె ముచ్చటే రాదు. ఆఖరుకు అందరు కలిసి మేనమామ పెండ్లికి పోతరు. తల్లి కొత్త చీర కట్టుకొని వంటలు చూస్కుంటది.”

నర్సింగమ్మ ద్వారబంధం మీద చెయ్యి వేసింది.

“రెండు పేజీలా?”

“రెండే.”

“రాసినాయినకు బిడ్డలు లేరేమో” అంది నర్సింగమ్మ. మళ్లీ తనే, “కోడి ముచ్చట మాత్రం మంచిగున్నది” అంది.

అన్ని పేజీలూ చదివి, ఆదివారమంతా ఏడ్చి, బోర్డు మీద అన్ని వాక్యాలు రాసిన తను ఆ పుస్తకం గురించి అంత సరిగ్గా చెప్పలేకపోయిందని నిరోషకు అనిపించింది. ఆ మాట బోర్డు మీద రాస్తే బాగుండుననీ అనిపించింది. అనిపించిన మరుక్షణం సిగ్గుపడింది. ఆ మాట ఆ గడప దాటి తీసుకుపోయే హక్కు తనకు లేదు.

“నువ్వు కావాల్నని జెయ్యలే” అంది నర్సింగమ్మ. “గని జేసినవు. పొద్దువోతాంది, ఇంటికి పో.”

నిరోష చెప్పులు వేసుకుంది. గుర్వయ్య గేటు దాకా రాలేదు.

తర్వాత కూడా బోర్డు నడిచింది. కానీ వారానికి మూడు కాదు, ఒకటే. ఒక్కో వారం ఒక్కటీ లేదు. గ్రూపులో చాలామంది అడగడం మానేశారు. ‘నవ్వొస్తుంది’ అని రాయాలంటే, ఎవరికి అని తనను తానే అడుక్కొని ఆగిపోయేది. ఒక ప్రయాణాల పుస్తకం గురించి, ‘డెబ్బై పేజీల దగ్గర నాకు విసుగొచ్చి ఆపేశాను. మీకు రాకపోవచ్చు’ అని రాసింది. ఒక కథల సంపుటి గురించి, ‘తొమ్మిది కథల్లో మూడో కథలో ఒక ముసలాయన చనిపోతాడు. ఆరో కథలో ఒక ఆవు. మిగతావాటిలో అందరూ బతికే ఉంటారు’ అని రాస్తే, కమలాకర్ సార్ ఇది సమీక్షా, పోస్టుమార్టమా అని అడిగాడు. అయినా చెరపమనలేదు.

గుర్వయ్య రాలేదు. వానాకాలం వచ్చింది, పరీక్షలు అయిపోయాయి, కుర్చీలు ఖాళీ అయ్యాయి. బజారులో రెండుసార్లు కనిపించాడు. బాగున్నావా బిడ్డా అని అడిగాడు. అంతే. అంతకంటే ఎక్కువ మాట్లాడితే బాగుండునని ఆమె ఆశపడింది. ఆశపడినందుకు మళ్లీ తనమీద తనకే చిరాకేసింది. మాట్లాడాలో వద్దో ఆయన ఇష్టం కదా.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం మెట్ల మీద నెమ్మదైన అడుగులు వినిపించాయి. రెండు మెట్లు ఎక్కి ఆగడం, మళ్లీ రెండు. నర్సింగమ్మ వచ్చింది. ఒక్కతే వచ్చింది. కొంగుతో మొఖం తుడుచుకొని, గది నాలుగు మూలలా చూసి, బల్ల ముందున్న కుర్చీలో కూర్చుంది.

“ఆయనకు చెప్పకుంట వచ్చిన. దవాఖానకు గోలీలకు అని చెప్పిన.”

“నీళ్లు తాగుతవా చిన్నమ్మా?”

“ఇయ్యి.” తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది. “ఇంట్ల ఉత్తగ కూసుంటున్నడు. టీవీ నేను చూస్తలే, ఆయన చూస్తలేడు, అది మోగుతాంది. పుస్తకం ముట్టమంటే ముడతలేడు. భయమైతాంది ఆయనకు.”

నిరోష గ్లాసు తీసి పక్కన పెట్టింది.

“నేను తీస్కపోత. ఆయన తెస్తే గాదు, నేను తెస్తే సదువుతడు. ఒక్కొక్కటి తీసి చెప్పు.”

నిరోష బీరువా తెరిచింది. ఒకటి తీసింది. బడి గురించి ఒక టీచరమ్మ రాసుకున్నది.

“ఇందుల ఎవలన్న సస్తరా?”

“టీచరమ్మ వాళ్ల నాయన చనిపోతడు. ముసలాయన. రోగంతోని.”

“ముసలోళ్లు సస్తే సావనియ్యి. ఆడపిల్లలు?”

“లేదు.”

“నవ్వొస్తదా?”

నిరోష ఆలోచించింది. “నాకు రెండు మూడు కాడ వచ్చింది. నీకు వస్తదో రాదో నాకెర్కలేదు చిన్నమ్మా.”

నర్సింగమ్మ ఆ పుస్తకం చేతిలోకి తీసుకొని, తలకిందులుగా పట్టుకొని అట్ట చూసింది. అట్ట మీద నల్లబల్ల ముందు నిలబడ్డ మనిషి బొమ్మ. అది పక్కన పెట్టి ఇంకొకటి చూపించమంది. జొన్నల గురించి ఒకటి చూపిస్తే అదేం చదువుడు, మాకు తెల్వదా అంది. చెరువుల గురించినదీ వద్దంది. ఒక నవల వైపు వేలు చూపించి, అదేంటని అడిగింది. ఎర్ర అట్ట, మీద ఒక రైలు.

“అది కొత్తది. నేను సగమే చదివిన.”

“సగంల ఏమున్నది?”

“ఒకామె ఇంట్ల నుంచి రైలెక్కి పోయింది. ఎక్కడ దిగుతదో ఇంక తెల్వది.”

నర్సింగమ్మ ఆ పుస్తకం వైపు ఇంకోసారి చూసింది. తర్వాత టీచరమ్మ పుస్తకాన్నే సంచిలో పెట్టుకొని లేచింది. రిజిస్టరులో వేలిముద్ర వేయడానికి ఇంకు ప్యాడ్ కోసం నిరోష సొరుగంతా వెతికింది. దొరికింది. ముద్ర వేశాక వేలు తుడుచుకోవడానికి గుడ్డ అందించింది. ఆమె కొంగుకే తుడుచుకుంది.

“రైలుది సదివినంక చెప్పు. తొందరేం లేదు” అంది. మెట్ల దగ్గర ఆగి, కడ్డీ పట్టుకొని ఒక్కొక్క మెట్టే దిగింది. కింద ఎరువుల దుకాణం ముందు ట్రాలీలోంచి బస్తాలు దించుతున్నారు. ఆమె దాటిపోయేదాకా హమాలీలు ఆగి, దారి ఇచ్చారు.